విశేషం మంజూరైనది

మన జనానికి తీపి తినడం చేతకాదని తేలిన రోజు నాకు బాగా గుర్తు. ఆఫీసులో కరెంటు లేదు. కమిషనర్ పరాంకుశరావు గారు గోడకి ఒక పెద్ద కాగితం అంటించి, దానిమీది గీతని కర్రతో చూపిస్తూ, ఆ నేరం మేమే చేసినట్టు మా మొహాల్లోకి చూశారు.

ఆ గీత మా జిల్లావాళ్ళు ఏడాది పొడుగునా తిన్న బెల్లం, పంచదారలది. శ్రావణంలో లేచి, దసరాకి కొండెక్కి, దీపావళికి ఇంకో కొండెక్కి, అక్కణ్ణించి జారి కింద పడుతోంది. దాని పక్కన కోకో గీత. చాక్లెట్లలోకి వెళ్ళే కోకో అన్నమాట. అది ఏడాదంతా నేలబారున పాకి, ఫిబ్రవరిలో ప్రేమికుల పుణ్యమా అని ఒక్కసారి లేచి నిలబడి, ఎండలు ముదిరేసరికి మళ్ళీ చతికిలబడుతోంది. ఆషాఢంలో రెండు గీతలూ పక్కపక్కనే పడుకున్నాయి.

"ఇది వినియోగం కాదు, అరాచకం. ఒక నెల వరద, ఇంకో నెల కరువు. మధ్యలో ఒక ఆనకట్ట లేదు, ఒక రెగ్యులేటరు లేదు," అన్నారు కమిషనర్ గారు.

ఆయన సర్వీసంతా నీటిపారుదల శాఖలో గడిచింది. నాగరిక దేశాల్లో ప్రజలు నెలనెలా ఒకే కొలతగా తీపి తింటారనీ, ఎగుడుదిగుడుగా తినేవాళ్ళ బుద్ధులు కూడా ఎగుడుదిగుడుగానే ఉంటాయనీ ఏదో సదస్సులో ఎవరో అన్నారట. అది విన్న పెద్దలు పరవశించి, తీపి వినియోగ సమతా మండలి అని ఒకటి పెట్టేసి, ఖాళీగా ఉన్న ఈయన్ని దానికి అధిపతిని చేశారు. నీళ్ళయితేనేం, పాకమైతేనేం, పారేదేగా అనుకున్నారు కాబోలు.

నా పేరు శేషారత్నం. ఆ మండలిలో సీనియర్ అసిస్టెంటుని. ఉత్తర్వులు రాయడం నా పని. పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది, పిల్లల్లేరు. ఈ రెండో ముక్క మీరు అడగలేదని తెలుసు. ముందే చెప్పేస్తే అడిగే శ్రమ తప్పుతుందని చెప్పాను. ఎందుకంటే అందరూ అడుగుతారు. మా గోదావరి వైపు నేరుగా అడగడం మర్యాద కాదు గనక "ఏమైనా విశేషమా?" అంటారు. అని, నా మొహం చూసి, చూపు కాస్త కిందికి దించి, మళ్ళీ మొహం చూస్తారు. పాలబ్బాయి అడుగుతాడు. బస్సులో పక్క సీటావిడ నా పేరు కూడా తెలుసుకోకుండా అడుగుతుంది. ఎదురింటి పేరిందేవి ప్రతి ఉదయం గేటు దగ్గర నిలబడి అడుగుతుంది. ఇంట్లో మా అత్తగారు అచ్చమాంబ గారు పండక్కోసారి అడుగుతారు, అడిగిన ప్రతిసారీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. మా ఆయన రైల్వేలో గూడ్సు గార్డు. ఇంట్లో ఉండేది తక్కువ కనక ఆయన్నెవరూ అడగరు. ఆ ప్రశ్న అడగని ఊరు ఏదైనా ఉంటే అక్కడికి బదిలీ పెట్టుకుందామని చూశాను. అలాంటి ఊరు మన రాష్ట్రంలో లేదు. నాకు ఆస్తులక్కర్లేదు, ప్రమోషన్లక్కర్లేదు. ఆ ఒక్క ప్రశ్న ఆగితే చాలనిపించేది.

సరే, తీపి సంగతికొద్దాం. కమిషనర్ గారి మొదటి ఉత్తర్వు నేనే రాశాను. "మిగులు మాసముల నుండి కొరత మాసములకు తీపిని మళ్ళించుట గురించి." దీపావళికి ఇంటింటా చేసుకున్న మిఠాయిల్లో సగం మండలికి జమ చేయాలి. వాటిని మార్కెట్ యార్డు గోడౌనులో నిల్వచేసి, ఆషాఢంలో వంతులవారీగా విడుదల చేస్తాం. ప్రజల్ని ఆయకట్టుదారులనాలి. మిఠాయిలు మోసుకొచ్చే సిబ్బందికి కాలవ గేట్లు తిప్పేవాళ్ళ పేరే పెట్టి లష్కర్లన్నారు. గోడౌనుకి జలాశయమని పేరు పెట్టబోతే, పాకాశయం అంటే బాగుంటుందని మా సూపరింటెండెంటు సత్తిరాజు గారు సలహా ఇచ్చారు. ఆయన సలహాలన్నీ పేర్ల దగ్గరే ఆగిపోతాయి.

దీపావళి నాడు లష్కర్లు ఇంటింటికీ తిరిగి సున్నుండలూ కాజాలూ పట్టుకొచ్చారు. జనం ఏం తక్కువ తిన్నారా? పీపాలు పట్టుకుని ఎవరో వస్తున్నారంటే గబగబా రెట్టింపు తిన్నారు. ఆ ఏడు గీత కాగితం దాటి గోడెక్కింది. సత్తిరాజు గారు పైన ఇంకో కాగితం అంటించారు.

గోడౌనులో చీమలు పట్టాయి. దానికి "ఆవిరి నష్టం" అని రాయించారు కమిషనర్ గారు. ఫిబ్రవరిలో ప్రేమికుల నుంచి స్వాధీనం చేసుకున్న చాక్లెట్లు రోహిణీకార్తెలో రేకుల కప్పు కింద ఏమయ్యాయో మీరూహించగలరు. ఓ మధ్యాహ్నం గోడౌను షట్టరు కిందనుంచి కోకో రోడ్డుమీదికి పారింది. పిల్లలు గరిటెలు పట్టుకొచ్చారు, వాళ్ళ తల్లులు గిన్నెలు పట్టుకొచ్చారు. కిరాణా కొట్టు వీరవెంకన్న రొట్టెలు తెచ్చి పక్కనే అమ్మకానికి పెట్టాడు. కమిషనర్ గారు జీపులో వచ్చి, దిగకుండానే పరిశీలించి, "గేట్లు ఎత్తకుండానే శివారు ఆయకట్టు దాకా విడుదల పూర్తయింది" అని రాసుకోమన్నారు. ఎండాకాలం కోకో కొరత తీర్చిన తొలి జిల్లాగా మాకు ప్రశంసాపత్రం వచ్చింది.

అసలు చిక్కు ఆషాఢంలో వచ్చింది. లష్కర్లు కాజాల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ వెళ్ళారు. ఎవరూ తినలేదు.

అదేమిటని సమీక్షా సమావేశం పెట్టారు. లష్కరు సింహాద్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తలుపు తీత్తారండి. బుట్ట చూత్తారండి. 'ఏం విశేషమయ్యా' అంటారండి. ఏం లేదండి, గవర్నమెంటోరు ఇమ్మన్నారండి అంటాను. విశేషం లేకుండా ఎలా తింటామయ్యా, అక్కడ పెట్టెళ్ళు అంటారండి."

"పెట్టాక తింటారు కదా?"

"అబ్బే. పక్కింటికి పంపుతారండి. వాళ్ళూ ఏం విశేషమని అడుగుతారండి. ఏం లేదంటే వాళ్ళు ఆ పక్కింటికి పంపుతారండి. ఆఖరికి ఆ కాజా వీధంతా తిరిగి సాయంత్రానికి మా ఇంటికే వచ్చిందండి. మా ఆవిడ కూడా అదే మాటడిగిందండి."

అది నిజమే. మనవాళ్ళు ఊరికే తీపి నోట్లో పెట్టుకోరు. పరీక్ష పాసవ్వాలి, ఉద్యోగం రావాలి, కోర్టు కేసు కొట్టేయాలి, సంబంధం కుదరాలి. చేతిలో మిఠాయి పెడితే కళ్ళెగరేసి విశేషం ఏమిటని అడిగి, జవాబు విన్నాకే కొరుకుతారు. కమిషనర్ గారు కర్ర తీసి గీతలో ఆషాఢం దగ్గర ఆనించారు. తరవాత మెల్లిగా అన్నారు.

"అంటే లోటు తీపిది కాదు. విశేషాలది. కొరత మాసాల్లో విశేషాల ఉత్పత్తి పడిపోతోంది. ఆ సరఫరా మనమే చేపడదాం."

ఆ సాయంత్రానికి విశేషాల విభాగం వెలిసింది. ఇంటికో విశేషం మంజూరు చేసి, ధ్రువపత్రంతో సహా కాజాలు పంపడం దాని పని. ఇన్‌చార్జిగా నన్ను వేశారు.

"శేషారత్నం గారికైతే ఇంటి దగ్గర బాదరబందీ ఏం లేదు కదండీ," అన్నారు సత్తిరాజు గారు నవ్వుతూ. ఆ నవ్వు మొహాన ఒక ఫైలు విసిరికొట్టాలనిపించింది. అన్ని ఫైళ్ళూ ఆయన సంతకానికే వెళ్ళాలి గనక ఊరుకున్నాను.

మొదటి వారం బాగానే గడిచింది. "మీ వీధి కుళాయిలో నీరు వచ్చినందున." "మీ ఎదురింటివారి గేదె ఈనినందున." "మీ పెద్దబ్బాయి నిన్న ఎవరితోనూ తగవుపడనందున." ధ్రువపత్రం మీద మూడు సింహాల ముద్ర చూసేసరికి జనానికి నోరూరింది. కాజాలు చెల్లాయి. ఆషాఢంలో గీత మొదటిసారి తలెత్తింది. కమిషనర్ గారు దాని వంక మనవణ్ణి చూసినట్టు చూశారు.

రెండో వారానికి ఫిర్యాదులొచ్చాయి. మా వీధికి గేదెలూ కుళాయిలూ, ఆఫీసర్ల కాలనీకేమో స్థలాల పట్టాలూ ప్రమోషన్లూనా అని వార్డు మెంబరు ధర్నా చేశాడు. పెద్దల సిఫార్సులు మొదలయ్యాయి. ఫలానావారింటికి కాస్త పెద్ద విశేషం చూడండి, మనవాళ్ళే, అని ఫోన్లు. పెద్దవి పెద్దవాళ్ళకి పోయాయి. మిగిలిన ఇళ్ళకి ఏ విశేషమూ మిగల్లేదు. కొత్తవి కనిపెట్టడానికి నాకు ఓపికా లేదు. అప్పుడు కమిషనర్ గారే దారి చూపించారు. "వివరం ఎందుకమ్మా? ఉందంటే చాలు. సాధారణ విశేషం అని ఇచ్చెయ్యండి." నేను రాశాను. "మీ ఇంట విశేషం కలదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

మీరు తెలుగువాళ్ళు. ఆ వాక్యం చదివితే ఏమర్థమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు మాత్రం మా ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఉత్తర్వులు రాసీ రాసీ భాష మరిచిపోయాను.

రిటైరైన హెడ్మాస్టరు గారు, ఎనభయ్యోపడిలో ఉన్నాయన, ఆ కాగితం వచ్చాక గది తలుపులేసుకుని బయటికి రావడం మానేశారు. ఆయన భార్య మాత్రం వీధిలోకి వచ్చి అందరికీ చూపించింది. బ్రహ్మచారుల మెస్సుకి కూడా ఒకటి వెళ్ళింది. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకుంటూ కాజాలు తిన్నారట. నేను ఈ కబుర్లు విని పడీపడీ నవ్వుకుంటూ ఆ సాయంత్రం ఇంటికెళ్ళాను.

గేటు దగ్గరే నవ్వు ఆగిపోయింది. వాకిట్లో చెప్పులు కుప్పగా ఉన్నాయి. హాల్లో వీధి ఆడవాళ్ళందరూ ఉన్నారు. పేరిందేవి పళ్ళెంలో పుల్లమామిడి ముక్కలు తెచ్చింది. ఎవరో నా చేతికి గాజులు వేయడం మొదలెట్టారు. మా అత్తగారు ధ్రువపత్రాన్ని గుండెకి హత్తుకుని పూజగదిలోంచి వచ్చి, నన్ను పట్టుకుని ఏడ్చారు. సంతోషంగా ఏడ్చారు. ఎనిమిదేళ్ళలో ఆవిడ అలా ఏడవగా నేను చూడలేదు.

"నాకు ముందు చెప్పకపోతే పోనీ, గవర్నమెంటుకి చెప్పావుటే!" అన్నారు.

ఆవిణ్ణి వంటింట్లోకి తీసుకెళ్ళి చెప్పాను. అది ప్రభుత్వ విశేషమని, ఆ వాక్యం నేనే రాశానని, ఆషాఢం కొరత పూడ్చడానికని. ఆవిడ మొహంలో దీపం ఆరిపోయింది. "మా చెల్లెలికి ఫోన్ చేసేశానే," అన్నారు. తరవాత ఇంకా చిన్నగా, "ముద్ర కూడా వేశారు కదే. ఏమో, వాళ్ళే ఏదో చేత్తారేమో," అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీక నేను పుల్లమామిడి ముక్క తిన్నాను.

హాల్లోకొచ్చి వీధివాళ్ళకి నిజం చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "దిష్టి తగులుతుందని దాత్తన్నావు, తెలుసులే," అంది పేరిందేవి. ప్రభుత్వం చెప్పిన దాన్ని నేను కాదంటే చెల్లుతుందా? మర్నాటినుంచి "ఏమైనా విశేషమా?" పోయింది, "ఎన్నో నెల?" వచ్చింది. ఇదివరకటి ప్రశ్నకి లేదని చెప్పి తప్పించుకునేదాన్ని. దీనికి తప్పించుకునే దారి కూడా లేదు.

మా ఇంటి విశేషం రద్దు చేయవలసిందిగా నోటు పెట్టాను. కమిషనర్ గారు పిలిపించారు.

"ఇచ్చే అధికారం మండలికుంది. తీసుకునే అధికారం లేదమ్మా. ఇచ్చిన నీళ్ళు వెనక్కి పారతాయా?"

"సార్, అది లేదు సార్. లేనిదాన్ని ఎలా ఉంచుతారు?"

"లేదని మీరంటున్నారు. రికార్డు ఉందంటోంది." ఆయన కాసేపు గీతవంక చూశారు. అలా చూస్తుండగానే ఆయన మొహం వెలిగింది. నాకు భయం వేసింది. "అసలు చూడండి. ఒక ప్రమోషన్‌కి ఒక్కపూటే తీపి. గేదెకి ఒక్కపూటే. అదే ఈ విశేషమైతే? ముందు సీమంతం, తరవాత పురుడు, బారసాల, ఉయ్యాల, అన్నప్రాశన, పుట్టినరోజు! ఒక్క గేటు ఎత్తితే ఏడాది పొడుగునా పారే కాలవ. ఇన్నాళ్ళూ ఇది మన కళ్ళబడలేదు!"

సత్తిరాజు గారు దానికి జీవనది పథకం అని పేరు పెట్టారు.

పథకానికి నమూనా లబ్ధిదారు కావాలి. నేను చేతికందే దూరంలో ఉన్నాను. ఐదో నెలదాకా ఆగితే మార్గశిరం అవుతుంది, ఈలోగా భాద్రపదంలో రెండో పక్షం కొరత అలాగే ఉండిపోతుంది, కాబట్టి నా సీమంతం అప్పుడే జరిపించాలని ఉత్తర్వు వెలువడింది. అది రాయనన్నాను. అదొక్కటీ సత్తిరాజు గారే రాసుకున్నారు, తప్పులతో. మహాలయ పక్షంలో, పెద్దలకి పిండాలు పెట్టే రోజుల్లో సీమంతమేమిటని పురోహితులు సోమయాజులు గారు మొత్తుకున్నారు.

"తిథులకు మినహాయింపు ఇస్తూ ఉత్తర్వు ఇచ్చాం స్వామీ," అన్నారు కమిషనర్ గారు.

"ఎవరికిచ్చారండీ? తిథులకా?" అన్నారాయన. ఆ తరవాత మంత్రిగారు వస్తున్నారని తెలిసి, శాలువా తెచ్చుకోవడానికి ఇంటికెళ్ళారు.

నేను రాననేశాను. రాకపోతే విశేషాన్ని దుర్వినియోగం చేసినందుకు సస్పెన్షన్ అన్నారు. మా ఆయనకి ఫోన్ చేస్తే గూడ్సు బండి ఎక్కడో సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. "పోనీ మానెయ్యి ఉద్యోగం," అన్నాడు. మానేస్తే ఇంట్లో కూర్చుని పేరిందేవికి ఎన్నో నెలో చెప్పాలి. ఆఖరికి వెళ్ళాను. మా అత్తగారు పట్టుచీర కట్టుకుని నాతో వచ్చారు. ఇదంతా ఆవిడకి ఇష్టమేనేమో అనిపించి ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

మార్కెట్ యార్డులో షామియానా వేశారు. గోడౌనులోంచి ఆఖరి కాజాల బుట్టలన్నీ తెచ్చి వరసగా పెట్టారు. వీధంతా వచ్చింది. నన్ను సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టి మెళ్ళో దండేశారు. నాకు ఇరవైయేళ్ళ కిందట స్కూల్లో తప్పుచేసి బెంచీ ఎక్కినప్పటి సిగ్గు ముంచుకొచ్చింది. మంత్రిగారు పొద్దుటినుంచీ ఆరు శంకుస్థాపనలు చేసొచ్చి, ముందు వరసలో కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నారు.

కమిషనర్ గారు కర్ర పట్టుకుని లేచారు. వెనక గీత, పక్కన నేను. కర్ర ముందు గీతమీద పడి, తరవాత నా వైపు తిరిగింది.

"గౌరవనీయులైన మంత్రివర్యులకు మనవి. ఈ లబ్ధిదారు ఎనిమిది సంవత్సరములుగా దిగుబడి లేని ఆయకట్టు. అట్టి ఆయకట్టుకు సైతం మండలి విశేషం అందించింది. ఒకవేళ నిర్ణీత గడువులో ఫలితం రానిచో సదరు విశేషాన్ని వృథా పోనీయము. మరింత సారవంతమైన కుటుంబానికి మళ్ళిస్తాము."

చప్పట్లు మొదలయ్యాయి. నేను తల వంచుకున్నాను. దండలో బంతిపువ్వులు ఎన్నున్నాయో చూడ్డం మొదలెట్టాను.

"బాబూ, ఆ కర్ర కాత్త కింద పెట్టండి."

మా అత్తగారి గొంతు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వేదికమీదికొచ్చేశారు. సింహాద్రి చెయ్యందించాడు. మైకు ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు, ఆవిడే లాక్కున్నారు.

"ఎవర్నండీ దిగుబడి లేని ఆయకట్టంటన్నారు? మా కోడల్నా? అది పొలవా, పుట్రా? మడిసండీ. మీరు నోటికొచ్చింది వాగితే దాన్ని పదిమంది చదివే తెలుగులో పెట్టేది అదే. అది లేకపోతే మీ మండలి మూగది."

"అమ్మా, ఇది అధికారిక కార్యక్రమం..." అన్నారు సత్తిరాజు గారు.

"నువ్వు కూర్చో నాయనా, నీకో పేరు పెట్టాల్సొత్తుంది." జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "అయినా మీదేం తప్పులెండి. దాన్ని ముందడిగింది నేను. పండగ పండక్కీ అడిగాను, అది ఒక్కనాడు ఎదురు చెప్పలేదు. అత్తగారు అడగ్గా లేంది మనం అడిగితే తప్పేంటని వీధిలోవాళ్ళడిగారు. వీధి అడగ్గా లేంది మనం అడిగితే తప్పేంటని గవర్నమెంటొచ్చింది. ఇక్కడితో అయిపోయింది. మాకేం విశేషం లేదండి. లేదు. వింటన్నారా అందరూ? పేరిందేవీ, వినపడిందా?"

పేరిందేవి వినపడిందన్నట్టు తలూపింది. షామియానాలో చీమ చిటుక్కుమనలేదు. ఆ నిశ్శబ్దానికి మంత్రిగారికి మెలకువ వచ్చింది. ఎదురుగా వేదికమీద ఒక పెద్దావిడ, వెనక బుట్టల నిండా కాజాలు. అలవాటు చొప్పున చేతులు జోడించి చిరునవ్వు నవ్వారు.

"ఏంటమ్మా విశేషం?"

"విశేషం లేదు బాబూ. కాజా ఉంది. తింటారా?"

మంత్రిగారు శంకుస్థాపనల హడావిడిలో టిఫిన్ చెయ్యలేదట. తింటానన్నారు. మా అత్తగారు బుట్టలోంచి ఒక కాజా తీసి ముందు నా నోట్లో పెట్టారు, రెండోది ఆయనకిచ్చారు. అది గట్టిగానే ఉంది, చీమల వాసన కూడా ఉంది. నాకు ఏడుపొచ్చింది. కాజా నములుతూనే ఏడ్చేశాను, ఎవరు చూస్తే నాకేమిటి? మంత్రిగారు తినడం చూసి వీధంతా లేచింది. బుట్టలమీద పడ్డారు. హెడ్మాస్టరు గారు కూడా ఎప్పుడొచ్చారో, రెండు చేతుల్తో తింటున్నారు.

"ఆగండి! ఏ విశేషం కింద తింటున్నారు? ఒక్క క్షణం! ఎవరైనా చెప్పండి, ఏ పద్దులో చూపించాలి?" కమిషనర్ గారు కర్ర పైకెత్తి ఒక్కొక్క బుట్ట దగ్గరికీ పరిగెత్తారు. నోటినిండా కాజా ఉన్నవాళ్ళెవరూ జవాబివ్వలేదు. కారణం లేకుండా ఇంతమంది ఒక్కసారే తినగా ఆయనెప్పుడూ చూడలేదు. మహాలయ పక్షంలో గీత దీపావళిని దాటిపోయింది. ఇక్కడ సమతా లేదు, వినియోగమూ నాకు అర్థం కాదు అని ఆయనే రాసిచ్చి, సెలవుమీద వెళ్ళిపోయారు. ఆయన ఇప్పుడు ఉప్పు విభాగంలో ఉన్నారు. అక్కడ గీత చదునుగా ఉందని, చాలా ప్రశాంతంగా ఉన్నారని విన్నాను. విశేషాల విభాగాన్ని మూసేశారు. నన్ను మళ్ళీ మామూలు ఉత్తర్వుల దగ్గరికి వేశారు.

సీమంతం మర్నాడు ఉదయం నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. ఎదురింటి గేటు చప్పుడైంది. పేరిందేవి వచ్చి మా గేటు పట్టుకుని నిలబడింది. ఎన్నేళ్ళ అలవాటో, పాపం, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏమే శేషారత్నం, ఏమైనా..."

"ఏమైనా కావాలా పేరిందేవీ? పంచదారా?" అన్నారు మా అత్తగారు వసారాలోంచి.

పేరిందేవి నన్ను చూసింది, ఆవిణ్ణి చూసింది. "ఆయ్, పంచదారేనండి. ఓ గ్లాసుడు," అంది.

మా అత్తగారు లోపలికెళ్ళి గ్లాసు నిండా, పైన గోపురం వచ్చేలా పోసి తెచ్చిచ్చారు. ఆ గ్లాసు ఏం చేసుకోవాలో తెలీక పేరిందేవి కాసేపు నిలబడి, ఒలక్కుండా పట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ రోజు బెల్లం పట్టుకెళ్ళింది.